మైనస్ గుర్తు

జుబైల్‌లో శుక్రవారం సాయంత్రం.
ఏసీ డబ్బాల కింద బకెట్లు పెట్టి
కారే నీళ్లు పడుతున్నారు క్యాంపు జనం.
గాలి నిండా ఉప్పు. చొక్కా వీపుని వదలదు.
ఓదెలు నోటుబుక్కుతో వచ్చాడు.
అట్ట మీద అకామా నంబరు,
లోపల, మొదటి పేజీలో, ఒకటే వరస:
వై ఈక్వల్టు ఎఫ్ ఆఫ్ ఎక్స్ మైనస్ వీటీ.

"అల ముందుకు పోతదంటివి గద సార్.
ముందుకు పోయేదానికి మైనస్ ఎందుకు?"

పదకొండేళ్లుగా అల్ట్రాసోనిక్ మిషను
భుజాన మోస్తున్నాను.
ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.
నేనూ ఎవరినీ అడగలేదు,
మార్కులు పడ్డాయి, అంతే.

లేచాం. నీళ్ల ట్యాంకరు కొక్కేనికి
రబ్బరు పైపు ఒక కొస ముడేశాం.
రెండో కొస నా గుప్పిట్లో.
నడుమ ఎర్ర టేపు ముక్క చుట్టి
దాన్ని చూడమన్నాను, దాన్నొక్కదాన్నే.
మణికట్టు ఒక్కసారి విదిలించాను.

గూను ఒకటి లేచి పరిగెత్తింది,
చాప కింద దూరిన పిల్లిలా.
టేపు ముక్క లేచింది, దిగింది,
ఉన్నచోటే ఉంది.
"పైపు పోలే సార్. దాని ఆకారం పోయింది."
రాసుకో, అన్నాను, ఆ ఆకారమే ఎఫ్.

బిగించి లాగితే గూను ఉరికింది.
నీళ్లు నింపితే
నిండుచూలాలిలా నింపాదిగా నడిచింది.
బిగువుని బరువుతో భాగించు,
మొత్తం బరువుతో కాదు, మీటరు ముక్క బరువుతో
(పరీక్షలో అక్కడే బోల్తా కొట్టిస్తారు),
వర్గమూలం తియ్యి, వేగం వస్తుంది.
చెయ్యి ఎంత కోపంగా విదిల్చిందో
వేగానికి అక్కర్లేదు.

కొక్కెం దాకా వెళ్లిన గూను
తలకిందులై తిరిగొచ్చింది.
ఓదెలు పగలబడి నవ్వాడు:
"మా ఫోర్‌మన్ దగ్గరికి పోయిన లీవు కాయితం!"

ముడి విప్పి ఆ కొస అతనికిచ్చాను.
ఇద్దరం ఒకేసారి విదిలించాం.
ఎర్ర టేపు దగ్గర రెండు గూనులూ కలిసి
ఒక్క క్షణం ఇద్దరి ఎత్తు అయ్యాయి,
తర్వాత, గీత కూడా పడకుండా,
నాది అతని వైపు, అతనిది నా వైపు.

ఇక మైనస్.
ఇప్పుడు టేపు దగ్గర లేచిన ఎత్తు
అక్కడ పుట్టింది కాదు ఓదెలూ.
కాసేపటి క్రితం, కాస్త వెనక,
నా చేతి దగ్గర ఉన్న ఎత్తే.
ఎంత వెనక? వేగం ఇంటూ గడిచిన కాలం.
ఇక్కడికి వచ్చిందేమిటో తెలియాలంటే
అంత దూరం వెనక్కి వెళ్లి వెతకాలి.
మైనస్ అల వేసే అడుగు కాదు,
మనం వెనక్కి తిప్పే మెడ.

చాలాసేపు మాట్లాడలేదు.
"మరి ప్లస్ పెడితే?"
ఎదురు దిక్కున వస్తుంది.
వంగి రాసుకున్నాడు: ప్లస్ అంటే లీవు కాయితం.

ఆదివారం నైట్ షిఫ్టు.
పైపు మీద జెల్లు పూశాడు, గాలి దూరకుండా.
సెకనుకి యాభై లక్షల కంపనాలు,
ఉక్కులో ఆ అల పొడవు మిల్లీమీటరు మీద చిల్లర.
గోడ మందం పన్నెండు.
పోయి రావడానికి నాలుగు మైక్రోసెకండ్లు,
తెర మీద అక్కడే ముల్లు లేవాలి.
లేచింది.
దానికంటే ముందు, రెండున్నర కూడా కాకుండానే,
ఇంకోటి, సన్నగా.

నేను నోరు తెరవలేదు.
"పోవుడు, వచ్చుడు, రెండు తొవ్వలు.
సగం చెయ్యాలె," అని గొణుక్కుని
వేళ్ల మీద లెక్క కట్టాడు.
ఏడు మిల్లీమీటర్ల లోతున
గోడ అప్పుడే అయిపోయినట్టు
అలని వెనక్కి పంపేస్తోంది ఏదో.

పసుపు మార్కరుతో సున్నా చుట్టాడు.
పక్కన లోతు వేశాడు.
దాని పక్కన ఎందుకో
అడ్డంగా ఒక చిన్న గీత.

తెల్లారి ఇంజనీరు అడిగాడు, ఆ గీత ఏమిటని.
మరక, అన్నాను.
తుడవలేదు.